పాలపిట్టకు నీలం చివర్లో వేయండి: ఆక్రిలిక్స్‌లో పక్షిని ఉన్నదున్నట్టు దించడం

మొదటిసారి పాలపిట్టను ఆక్రిలిక్స్‌లో వేద్దామనుకున్నప్పుడు షాపుకెళ్లి మూడు రకాల నీలం ట్యూబులు తెచ్చుకుని, తల నుంచి తోక దాకా నీలమే నింపేశాను. నాలుగు రోజులు పట్టింది. మా నాయనమ్మకు చూపిస్తే బోర్డు చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "కూసున్న పాలపిట్ట మట్టిపెళ్ల లెక్కుంటది బిడ్డా, లేసి ఎగిరితేనే నీలం కనవడ్తది" అంది. జీవితమంతా చేలల్లో గడిపిన మనిషి మాట. మర్నాడు పొద్దున్నే ఊరి బయట కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టను అరగంట చూశాను. వీపు ఎండిన గడ్డి రంగు, ఛాతీ పలచటి వక్కరంగు, నెత్తి మీద టోపీ పెట్టినట్టు ఇంత నీలం, ముడుచుకున్న రెక్క అంచున ఇంకొంచెం నీలం, అంతే. మిడత కోసం కిందికి దూకినప్పుడు రెక్కలు విచ్చుకున్నాయి, అప్పుడు చూడాలి ఆ నీలాన్ని.

నాకు తెలిసిన కిటుకంతా అందులోనే ఉంది. బొమ్మలో ముప్పాతిక వంతు మట్టిరంగులు సరిగ్గా కుదిరితే, మిగతా పావు వంతులో వేసిన నీలం దానంతట అదే వెలుగుతుంది. అందుకే ఇక్కడ నీలం కన్నా గోధుమ రంగుల గురించే ఎక్కువ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఫోటో సంగతి

నెట్‌లో పాలపిట్ట ఇంగ్లీషు పేరు 'రోలర్' అని కొట్టి దొరికిన మొదటి ఫోటో చూసి మొదలుపెట్టకండి. ఎక్కువగా కనిపించేది ఆఫ్రికా పక్షి, ఛాతీ ఊదారంగులో ఉండి తోక చివర రెండు పొడవాటి ఈకలు వేలాడుతుంటాయి. యూరప్ రోలర్‌కైతే తల, ఛాతీ మొత్తం నీలమే. థాయ్‌లాండ్ వైపు ఉండే జాతికి ఛాతీ మీద చారలుండవు. మన పాలపిట్టకు గొంతు మీద, ఛాతీ మీద సన్నటి లేత గీతలుంటాయి, అదే దాని ఆనవాలు. దీన్నీ లకుముకి పిట్టనూ కలిపేసి ఎర్ర ముక్కు పెట్టినవాళ్లనూ చూశాను. ముక్కు నలుపే, కొంచెం గోధుమ కలిసిన నలుపు. తెలంగాణకు రాష్ట్ర పక్షి ఇది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ ఇదే ఉండేది, మనం వేసేటప్పుడైనా వేరే దేశం పిట్టను దించకూడదు కదా.

వీలైతే ఫోటో మీరే తీసుకోండి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు వెలుతురు ఏటవాలుగా పడుతుంది, ఆకారం గుండ్రంగా తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే అన్నీ తెల్లబారిపోయి నీడలు దొరకవు. పాలపిట్ట ఒకసారి ఎంచుకున్న తీగ మీదికో మోడు మీదికో మళ్లీమళ్లీ వస్తుంది కాబట్టి వెంటపడక్కర్లేదు, బండి దూరంగా ఆపి కూర్చుంటే చాలు. ఎండాకాలంలో చెట్టు తొర్రల్లో గూడు పెడుతుంది, ఆ దగ్గరకు మాత్రం వెళ్లొద్దు. ఇంకొకటి, దసరాకు దర్శనం పేరుతో పంజరంలో పెట్టి తిప్పే పిట్టను ఫోటో తీసుకుని బొమ్మ వేయకండి. అలా పట్టి బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా ఆ పిట్టల ఈకలు విరిగి, అతుక్కుపోయి, చూస్తేనే కడుపు తరుక్కుపోతుంది. జమ్మి చెట్టు దగ్గర మొక్కి పొలాల వైపు నడిస్తే స్వేచ్ఛగా తిరిగే పిట్టే కనబడుతుంది. వేరేవాళ్ల ఫోటో వాడాల్సి వస్తే తీసినవాళ్లను అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

ఏయే ట్యూబులు కావాలి

ఎనిమిది చాలు: టైటానియం వైట్, అల్ట్రామెరైన్ బ్లూ, థాలో బ్లూ గ్రీన్ షేడ్, బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా, యెల్లో ఓకర్, లెమన్ యెల్లో, క్వినాక్రిడోన్ మెజెంటా. నల్ల ట్యూబు వద్దు. ఎందుకో కింద చెబుతాను.

ట్యూబు మీద రంగు పేరు కన్నా వెనకాల చిన్నక్షరాల్లో ఉండే పిగ్మెంట్ నంబరు చూడటం అలవాటు చేసుకోండి. అల్ట్రామెరైన్ అయితే పీబీ 29, థాలో గ్రీన్ షేడ్ అయితే పీబీ 15:3, అంబర్‌కు పీబీఆర్ 7, ఓకర్‌కు పీవై 43. పేరు ఒకటే అయినా నంబరు మారితే కలిపినప్పుడు ఫలితం మారుతుంది. ఉదాహరణకు బర్న్ట్ సియెన్నా కొన్నింటిలో పీబీఆర్ 7తో చేస్తారు, కొన్నింటిలో పీఆర్ 101తో, ఈ రెండోది ఎక్కువగా ఎరుపు వైపు పోతుంది. పేరు పక్కన 'హ్యూ' అని ఉంటే అసలు పిగ్మెంట్ బదులు వేరేవి కలిపి ఆ రంగు తెప్పించారని అర్థం, నేర్చుకునేటప్పుడు వాటితో ఇబ్బందేమీ లేదు, కానీ నాలుగు పిగ్మెంట్లున్న ట్యూబును ఇంకో మూడింటితో కలిపితే చివరికి బురదే మిగులుతుంది.

బ్రష్షులు సింథటిక్‌వి తీసుకోండి. అర అంగుళం ఫ్లాట్ ఒకటి, రౌండ్‌లో 6, 2, 0 నంబర్లు, సన్నటి పొడుగు వెంట్రుకలుండే లైనర్ ఒకటి. చిరిగిపోయి వెంట్రుకలు విడిపోయిన పాత ఫ్లాట్ బ్రష్ ఉంటే పారేయకండి, ఛాతీ ఈకలకు దాన్ని మించింది లేదు. ఆక్రిలిక్ ఒకసారి బ్రష్ మొదట్లో గట్టిపడిందంటే ఇక ఆ బ్రష్ మీద ఆశ వదులుకోవడమే, అందుకే వాడని బ్రష్‌ను నీళ్లలో పడుకోబెట్టి ఉంచండి, తలకిందులుగా నిలబెడితే మొన వంకరపోతుంది. మొన సన్నగా చేయడానికి నోట్లో పెట్టుకునే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

మన ఎండలకు ఆక్రిలిక్ పాలెట్ మీదే ఆరిపోవడం పెద్ద తలనొప్పి. ఏప్రిల్, మేలో ఫ్యాన్ కింద కూర్చుంటే కలిపిన రంగు ఐదు నిమిషాలు కూడా నిలవదు. మూత గట్టిగా పట్టే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగున తడిపిన స్పాంజి గుడ్డ పరిచి, దాని మీద తడిపిన బటర్ పేపర్ వేసి, ఆ పేపర్ మీద రంగులు కలుపుకోండి. మూత పెట్టేస్తే రెండు మూడు రోజులైనా రంగు మెత్తగానే ఉంటుంది. గుడ్డ తడిగా ఉండాలి కానీ నీళ్లు పైకి తేలకూడదు, తేలితే రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి పారతాయి.

రంగులు కలపడం

కొలతలు గింజల్లో చెబుతాను, మనకు అదే సులువు. ఆవగింజ, కందిగింజ, శనగగింజ, చింతగింజ.

మొదట నలుపు. శనగగింజంత అల్ట్రామెరైన్, అంతే బర్న్ట్ అంబర్ కలపండి. ట్యూబు నలుపంత ముదురు వస్తుంది, కానీ దాంట్లో ప్రాణం ఉంటుంది. అది నీలం వైపు ఉందా, గోధుమ వైపు ఉందా అని అలాగే చూస్తే తెలియదు. కొంచెం పక్కకు తీసి అందులో తెలుపు కలిపి చూడండి, వెంటనే బయటపడుతుంది. ముక్కుకు, కంటికి గోధుమ వైపు ఉండేలా, రెక్కల కింది నీడకు నీలం వైపు ఉండేలా మార్చుకోవచ్చు. ట్యూబులోంచి వచ్చే నలుపు ఎటూ వంగదు, బొమ్మ మీద చిల్లు పడినట్టు కనబడుతుంది, అందుకే వద్దన్నది.

వీపు రంగు ఈ బొమ్మకు వెన్నెముక. రెండు శనగగింజల ఓకర్, ఒక శనగగింజ అంబర్, కందిగింజంత అల్ట్రామెరైన్. కలిపి చూస్తే ఎండిపోతున్న జొన్నచొప్పలో కొంచెం పచ్చదనం మిగిలిన రంగులా ఉండాలి. మరీ ఆకుపచ్చ అయితే కాస్త సియెన్నా, మరీ ఎర్రబడితే కాస్త నీలం. దీన్ని మూడు కుప్పలుగా చేసుకోండి: ఉన్నదున్నట్టు ఒకటి, మన నలుపు కలిపింది ఒకటి, తెలుపూ ఓకరూ కలిపింది ఒకటి. నీడ అంటే నలుపు, వెలుగు అంటే తెలుపు అనుకుంటే పిట్ట సున్నం కొట్టినట్టు తయారవుతుంది, వెలుగు వైపు ఎప్పుడూ కొంచెం ఓకర్ తోడు ఉండాలి.

ఛాతీ రంగు కుదరడానికి నాకు చాలా కాలం పట్టింది. గులాబీ కాదు, గోధుమ కాదు, తాంబూలం వేసుకున్నాక పెదవుల మీద మిగిలే రంగుకు పాలు కలిపినట్టుంటుంది. రెండు శనగగింజల సియెన్నా, మూడు శనగగింజల తెలుపు, ఆవగింజంత మెజెంటా, ఆ తర్వాత ఆవగింజలో సగం అల్ట్రామెరైన్. ఆ చివరి నీలం వేయకపోతే బొమ్మలో ఛాతీ ఒక్కటే మిఠాయిలా బయటికి దూకుతుంది. గొంతు మీది లేత గీతలకు తెలుపు వాడకండి, ఇదే ఛాతీ రంగులో తెలుపు, కొంచెం ఓకర్ కలిపిన మీగడ రంగు వాడండి.

ఎగిరే ఈకల ముదురు నీలానికి అల్ట్రామెరైన్ మూడు పాళ్లు, మెజెంటా ఒక పాలు, చిటికెడు అంబర్. నిగనిగలాడే నేరేడు పండును పక్కన పెట్టుకుని పోల్చుకోండి, సరిపోతుంది. కాళ్లకు ఓకర్, కొంచెం అంబర్. కంటి చుట్టూ ఉండే చర్మానికి సియెన్నా, ఓకర్.

ఇక నెత్తి మీది, రెక్క మీది లేత నీలం. దీనికి థాలో. థాలోతో చాలా జాగ్రత్త, చింతగింజంత తెలుపులో ఆవగింజలో సగం థాలో వేసినా మొత్తాన్ని లాగేస్తుంది. ఎప్పుడూ తెలుపులోకి థాలోను తీసుకెళ్లాలి కానీ థాలోలోకి తెలుపును కాదు, లేకపోతే ట్యూబు తెలుపంతా అయిపోయినా మీకు కావలసిన లేతదనం రాదు. అందులో సూది మొనంత లెమన్ యెల్లో వేస్తే నెమలి మెడ వైపు తిరుగుతుంది. మరీ మెరిసిపోతుంటే చాలా కొంచెం సియెన్నా, అది నీలానికి ఎదురు రంగు కాబట్టి గొంతు తగ్గిస్తుంది. పొట్ట కింది లేత నీలంలో మాత్రం తప్పకుండా కొంచెం ఛాతీ రంగు కలపండి, అప్పుడే అది నీడలో ఉన్న పొట్టలా ఉంటుంది.

ఒక ముఖ్యమైన విషయం. ఆక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఇంకో రంగు. అందులోని జిగురు తడిలో పాలలా తెల్లగా ఉండి, ఆరాక గాజులా స్వచ్ఛమవుతుంది, ఆ తెల్లదనం పోయేసరికి రంగు ఒక మెట్టు ముదురుతుంది. కాబట్టి కలిపిన ప్రతి రంగునూ ఒక అట్టముక్క మీద పూసి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, ఫోటో పక్కన పెట్టి చూడండి. పక్కన పెన్సిల్‌తో ఏమేం కలిపారో రాసుకోండి. మర్నాడు అదే రంగు మళ్లీ కలపాల్సి వచ్చినప్పుడు ఆ అట్టముక్క విలువ తెలుస్తుంది. నా దగ్గర అలాంటివి ఒక చెప్పుల డబ్బా నిండా ఉన్నాయి, ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వను.

బోర్డు, వెనకభాగం

పది అంగుళాలు బై పన్నెండు ఎండీఎఫ్ బోర్డు (చెక్కపొట్టు నొక్కి చేసిన నున్నటి పలక) గానీ కాన్వాస్ బోర్డు గానీ తీసుకోండి. గెస్సో (రంగు బాగా పట్టేలా ముందుగా వేసే తెల్లటి పూత) ఒక పూత అడ్డంగా, ఆరాక ఒక పూత నిలువుగా వేసి, 400 నంబరు సాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్దండి. సన్నటి ఈకలు గీయాలంటే కాన్వాస్ గరుకు అడ్డొస్తుంది, అందుకే నా ఓటు ఎండీఎఫ్‌కే. బొమ్మను వేరే కాగితం మీద గళ్ల పద్ధతిలో గీసుకుని, కాగితం వెనక పెన్సిల్ రుద్ది, బోర్డు మీదికి దించండి. తల పెద్దది, మెడ పొట్టి, ముక్కు దిట్టంగా ఉంటుంది, ఈ మూడు కొలతలు తప్పితే ఎంత బాగా రంగులేసినా ఇంకేదో పిట్టవుతుంది. దించాక సియెన్నాను నీళ్లలా పలచగా చేసి బోర్డంతా ఒక పూత వేయండి, తెల్ల బోర్డు మీద ఏ రంగైనా ఉన్నదానికన్నా ముదురుగా కనబడి మోసం చేస్తుంది.

వెనక భాగం పత్తి తీసేసిన చేను అనుకోండి, దూరంగా మసకగా. కొత్త ట్యూబు ఏదీ తీయొద్దు, వీపు రంగు, ఓకర్, తెలుపు, అల్ట్రామెరైన్, ఇవే. ఓకర్‌లో అల్ట్రామెరైన్ కలిస్తే వచ్చే మాసిన ఆకుపచ్చ మన ఎండాకాలం చేలకు అచ్చంగా సరిపోతుంది. బోర్డును స్ప్రేతో కొంచెం తడిపి, ఫ్లాట్ బ్రష్‌తో రెండు మూడు రంగులు పక్కపక్కన వేసి, అవి ఆరకముందే పొడి బ్రష్‌తో వాటి మధ్య గీతలు చెరిపేయండి. ఒక్కసారికి నున్నగా రాదు, అది మీ తప్పు కాదు, ఆక్రిలిక్ అంతే. మూడు పలచటి పూతల్లో కుదురుతుంది. పిట్ట అంచుల మీదికి కొంచెం లోపలికి వచ్చేలా వేయండి. తర్వాత ఈకలను ఆ వెనకరంగు మీదికి లాగితే అంచు మెత్తగా ఉంటుంది, కత్తిరించి అతికించినట్టుండదు.

కన్ను

చాలామంది కంటిని చివరికి ఉంచుకుంటారు. నేను పిట్ట మీద మొదట వేసేది అదే. కన్ను కుదిరితే మిగతా నాలుగు రోజులు ఆ పిట్ట మిమ్మల్ని చూస్తూ ఉంటుంది, పని చేయబుద్ధవుతుంది. కుదరకపోతే అప్పుడే తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు.

మొత్తం గుండ్రాన్ని మన కలుపుకున్న నలుపుతో నింపండి. ఆరాక, కింది సగంలో అంబర్‌లో సియెన్నా కలిపి చంద్రవంకలా ఒక పలచటి పూత. వెలుతురు పై నుంచి కంట్లోకి దిగి అవతలి వైపు గోధుమ రంగును వెలిగిస్తుంది, అందుకే మెరుపుచుక్క పైన ఉంటే వెలుగు వంక కింద ఉంటుంది. ఈ ఒక్కటి తెలిస్తే కన్ను గోళీలా కాకుండా లోతుగా కనబడుతుంది. కంటి పైభాగంలో రెప్ప నీడ పడుతుంది, అక్కడ ముదురుగానే వదిలేయండి. మెరుపుచుక్క తెల్లగా పెట్టకండి, అది ఆకాశం ప్రతిబింబం కాబట్టి తెలుపులో సూది మొనంత నీలం కలిపి ముందు కొంచెం పెద్దగా వేసి, ఆరాక దాని మధ్యలో మాత్రమే అసలు తెలుపు చుక్క. అదీ గుండ్రంగా కాకుండా కొంచెం వంకరగా. ఊపిరి బిగబట్టి చేసే పని ఇది, 0 నంబరు బ్రష్, రంగు పాలలా పలచగా, చిటికెన వేలు బోర్డుకు ఆనించి.

ఈకలు

మొదట ఈకల జోలికి పోకుండా పిట్టను మట్టిబొమ్మలా వేయండి. వీపు ముదురు, మధ్య, లేత కుప్పలు మూడూ వాటి వాటి చోట పరిచి, ఛాతీ, పొట్ట, రెక్క అన్నీ ముద్దలుగా పెట్టేయండి. ఇప్పుడు ఫోన్‌తో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి, రిఫరెన్స్ ఫోటోను కూడా అలాగే మార్చి పక్కపక్కన చూడండి. వెలుగునీడలు రెండింటిలో ఒకేలా ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే ఇక్కడే సరిచేయండి, ఎందుకంటే దీని మీద వెయ్యి ఈకలు గీసినా ఆ తప్పు పోదు. మొదట్లో నేను చేసినవన్నీ ఇవే తప్పులు, ఆకారం బల్లపరుపుగా ఉండి దాని మీద గీతలు మాత్రం బోలెడు.

ఛాతీ ఈకలకు ఆ చిరిగిన ఫ్లాట్ బ్రష్ తీసుకుని, రంగులో ముంచి, టిష్యూ మీద చాలావరకు తుడిచేసి, బోర్డు మీద తేలిగ్గా పై నుంచి కిందికి అంటించుకుంటూ పోండి. ఒకేసారి పదిహేను ఇరవై వెంట్రుకల గీతలు పడతాయి. ముందు ఛాతీ ముదురు రంగుతో, తర్వాత మధ్యరంగుతో, ప్రతిసారీ కింది పూత కొంచెం కనబడేలా. ఆ తర్వాత లైనర్‌తో మీగడ రంగు గీతలు: గొంతు దగ్గర పొట్టిగా దగ్గరదగ్గరగా, ఛాతీ మీదికి వచ్చేసరికి కొంచెం పొడుగ్గా దూరదూరంగా, కిందికి వచ్చేకొద్దీ మాయమయ్యేలా. ఒక్కో గీతను మొదట్లో కొంచెం ఒత్తి, చివరికి బ్రష్ గాల్లోకి లేచిపోయేలా లాగండి. నీడ వైపు ఉన్న గీతల మీద చివర్లో అంబర్ పలచటి పూత ఒకటి వేస్తే అవి వెనక్కి వెళ్తాయి, ఛాతీ గుండ్రమవుతుంది. అన్ని గీతలూ ఒకే తెలుపులో ఉంటే దువ్వెన పళ్లలా ఉంటాయి.

వీపు మీద ఈకలు గీయాల్సిన పనే లేదు. వెలుతురు పడేచోట ఆరేడు ఈకల అంచులు చూపిస్తే మిగతావి చూసేవాళ్ల కళ్లే పూర్తి చేసుకుంటాయి. రెక్క ఈకలు మాత్రం వేరు, అవి పొడవుగా, గట్టిగా, ఒకదాని మీద ఒకటి పేర్చిన తాటాకుల్లా ఉంటాయి, అక్కడ అంచులు స్పష్టంగా ఉండాలి, ప్రతి ఈక కింద సన్నటి నీడ పడాలి.

ఇప్పుడు నీలం

ఈకలోని నీలం, రంగు పదార్థం వల్ల వచ్చేది కాదు. ఈక లోపలి అతి సన్నటి గుల్లల్లాంటి నిర్మాణం వెలుతురులోని నీలాన్ని తిప్పికొడుతుంది, అంతే. అలాంటి ఈకను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే నీలం పోయి గోధుమగా కనబడుతుంది. సి.వి.రామన్ 1934లో పక్షుల ఈకల రంగుల మీద రాసినప్పుడు పరిశీలించింది ఈ పాలపిట్ట ఈకలనే. బొమ్మలు వేసేవాళ్లకు ఇందులో ఒక సూచన ఉంది. ట్యూబు నీలంలో తెలుపు కలిపి దట్టంగా పూస్తే వెలుతురు పైనుంచే తిరిగి వచ్చేస్తుంది, సున్నంలా పాలిపోయి ఉంటుంది. వెలుతురు లోపలికి వెళ్లి వెనక్కి రావాలి.

కాబట్టి ఇలా చేయండి. నెత్తి, రెక్క మీది లేత నీలపు పట్టీ ఉన్నచోట ముందు తెలుపులో చాలా కొంచెం థాలో కలిపి, కావలసినదానికన్నా బాగా లేతగా, ఈకల గీతలతో సహా వేసి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత గ్లేజింగ్ మీడియం (రంగును పలచన చేసే, ఆరాక స్వచ్ఛంగా ఉండే జిగురు) పది పాళ్లకు థాలో ఒక పాలు కన్నా తక్కువ కలిపి, గాజు మీద నీళ్లు పూసినంత పలచగా ఒక పూత. ఆరాక ఇంకొకటి. మూడోది వెలుగు పడేచోట వదిలేసి నీడ వైపు మాత్రమే. నీళ్లు పోసి పలచన చేయకండి, నీళ్లు ఎక్కువైతే జిగురు బలం తగ్గి మచ్చలు మచ్చలుగా ఆరుతుంది, కొన్నిసార్లు పై పూతతో పాటు లేచి వచ్చేస్తుంది. మొదటి పూత వేసినప్పుడు ఏమీ కనబడదు, రెండోదానికి కొంచెం, మూడోదానికి ఆ మట్టిరంగుల పక్కన ఒక్కసారిగా వెలుగుతుంది. నాకు ఇప్పటికీ ఆ క్షణం కోసమే ఈ పని చేయాలనిపిస్తుంది.

ఎగిరే ఈకల నేరేడు రంగు మీద కూడా వెలుగు వైపు అల్ట్రామెరైన్ గ్లేజ్ ఒకటి వేయండి. చివరగా వెనక భాగంలో ఎక్కడో రెండు మూడు చోట్ల ఈ నీలాన్ని బాగా మాసిపోయినట్టు చేసి కలిపేయండి, పిట్ట ఆ చేలోనే ఉన్నట్టుంటుంది.

బొచ్చున్న జంతువైతే

పద్ధతి అదే, ముదురు నుంచి లేతకు, ముద్ద నుంచి గీతకు. దుప్పిని తీసుకుంటే ఒంటికి సియెన్నా, ఓకర్, నీడకు అంబర్, అల్ట్రామెరైన్. గీతలు ముఖం మీద చాలా పొట్టిగా, మెడ దగ్గర పొడుగ్గా, ఎముక ఎక్కడ మలుపు తిరిగితే బొచ్చు అక్కడ దిశ మారుతుంది. అందరూ తప్పు చేసేది చుక్కల దగ్గర. అన్నీ అయ్యాక పైన గుండ్రంగా తెల్ల చుక్కలు పెడతారు, స్టిక్కర్లు అంటించినట్టు ఉంటుంది. దగ్గర నుంచి చూస్తే చుక్క అంటే తెల్ల బొచ్చు గుత్తి, దాని పై అంచు మీదికి ఎర్ర బొచ్చు వచ్చి పడుతుంది, కింది అంచున తెల్ల వెంట్రుకలు ఎర్రదాని మీదికి జారతాయి. కాబట్టి చుక్కను ముందే మీగడ రంగులో పెట్టి, తర్వాత పై నుంచి ఒంటిరంగు వెంట్రుకలు నాలుగు దాని మీదికి లాగండి. పొట్ట వైపు నీడలో ఉన్న చుక్కలు తెల్లగా ఉండవు, నీలం కలిసిన బూడిద రంగులో ఉంటాయి, అక్కడ తెలుపు వేశారంటే దుప్పి గుండ్రదనం అక్కడితో పోతుంది.

వార్నిష్

బొమ్మ పూర్తయ్యాక వారం రోజులు వదిలేయండి. తర్వాత గ్లాసీ మీడియంను (ఆరాక మెరిసే స్వచ్ఛమైన ఆక్రిలిక్ జిగురు) కొంచెం నీళ్లతో పలచన చేసి ఒక పూత వేస్తే అది రంగుకూ వార్నిష్‌కూ మధ్య అడ్డుపొరలా ఉంటుంది, ఎప్పుడైనా వార్నిష్ తీసి మార్చాల్సి వస్తే బొమ్మకు దెబ్బ తగలదు. దాని మీద కొద్దిగానే మెరిసే శాటిన్ వార్నిష్ నాకిష్టం, మరీ గ్లాసీగా మెరిసేదైతే లైటు పడి పిట్ట కనబడదు. వానాకాలంలో ముసురు పట్టిన రోజు వార్నిష్ జోలికి పోకండి, గాల్లో తేమ ఎక్కువైతే పొర తెల్లగా మసకబారుతుంది. ఎండ కాసిన రోజు కిటికీలు తెరిచి, బోర్డును పడుకోబెట్టి వేయండి. బ్రష్షులు కడిగిన నీళ్లను సింకులో పోయకుండా బకెట్లో రాత్రంతా ఉంచితే చాలావరకు రంగు అడుగుకు చేరుతుంది, పైన తేరిన నీళ్లు పారబోసి అడుగు మడ్డిని ఆరబెట్టి చెత్తలో వేయొచ్చు.

బోర్డు వెనక తేదీ, పిట్టను చూసిన చోటు, వాడిన ఎనిమిది రంగుల నంబర్లు రాయండి. అట్టముక్కను కూడా అక్కడే టేపుతో అంటించేయండి.